ముందు నువ్వే రాయి నాయనా

కాస్త ఆగు నాయనా. వెళ్దువుగానిలే, ఇంతలో కొంపలేం మునిగిపోవు. చిన్నప్పటి నుంచి ఒకే కంచంలో తిన్న స్నేహితుడితో మాటలు మానేశావట. ఎన్నికల మీద వాదనొచ్చి, మాటా మాటా పెరిగి, చివరికి అతని నంబరే తీసేశావట. తప్పెవరిదని నేను అడగను. నువ్వు చెడ్డవాడివి కాదు, నాకు తెలుసు. తొందర ఎక్కువ, అంతే. తొందరలో తెంచేస్తావు, తర్వాత లోలోపల కుమిలిపోతావు, ఆ సంగతి అవతలివాడికి చెప్పడానికి మాత్రం అభిమానం అడ్డొస్తుంది. అందుకే రెండు కుటుంబాల సంగతి చెప్తాను, విను. మనవాళ్లు కారు, మన కాలంవాళ్లూ కారు. రెండు వందల ఏళ్ల కిందటి అమెరికావాళ్లు. ఆ ఇళ్ల పెద్దలిద్దరూ ఆ దేశానికి అధ్యక్షులుగా చేసినవాళ్లే. అయినా నీకొచ్చిన కష్టమే వాళ్లకీ వచ్చింది.

ఒకరు జాన్ ఆడమ్స్. మసాచుసెట్స్‌లో క్విన్సీ అనే ఊరు ఆయనది. పొట్టిగా, బొద్దుగా, మనసులో మాట దాచుకోలేని మనిషి. రెండోవారు థామస్ జెఫర్సన్. వర్జీనియాలో మాంటిచెల్లో అనే కొండ మీది ఇల్లు ఆయనది. పొడవు మనిషి, నెమ్మది మనిషి, నలుగురిలో నోరు విప్పేది తక్కువ. స్వభావాలు ఎక్కడా కలవవు. అయినా 1776లో స్వాతంత్ర్య ప్రకటన రాయడానికి వేసిన ఐదుగురి సంఘంలో ఇద్దరూ ఉన్నారు. తర్వాత 1784లో పారిస్‌లో దౌత్యం పని మీద కలిశారు. అప్పటికి జెఫర్సన్ భార్య పోయి రెండేళ్లయింది. ఆడమ్స్ భార్య అబిగైల్ ఉన్న ఇల్లు ఆయనకి సొంత ఇల్లులాగే అయింది. వాళ్ల పెద్దకొడుకు జాన్ క్విన్సీ అప్పుడు పదిహేడేళ్ల కుర్రాడు, వాళ్లింట్లో ఎంత తిరిగేవాడో జెఫర్సన్ బసలోనూ అంత తిరిగేవాడు.

ఆడమ్స్ దంపతులు లండన్‌కి మారాక ఉత్తరాలు మొదలయ్యాయి. ఏమిటా ఉత్తరాలు? రాజకీయాలే అనుకునేవు. నాకు చొక్కాలు కుట్టించి పంపండమ్మా అని ఈయన, నాకు పారిస్ నుంచి జోళ్లు పంపండి అని ఆవిడ. ఎవరెంత ఖర్చుపెట్టారో, ఎవరికెంత బాకీయో కూడా ఆ ఉత్తరాల్లోనే. స్నేహం గట్టిపడేది ఇలాంటి చిన్న చిన్న పనుల దగ్గరే నాయనా, పెద్ద పెద్ద కబుర్ల దగ్గర కాదు.

1787లో జెఫర్సన్ చిన్నకూతురు పాలీ సముద్రం దాటి లండన్ వచ్చింది. ఇంకా తొమ్మిదేళ్లు నిండలేదు. తోడుగా వచ్చింది పద్నాలుగేళ్ల శాలీ హెమింగ్స్, జెఫర్సన్ ఇంట్లో బానిసగా ఉన్న పిల్ల. ఆ ఇద్దరు పిల్లల్నీ ఇంట్లో పెట్టుకుంది అబిగైల్. తండ్రి మొహం కూడా సరిగా గుర్తులేని పాలీ కొద్ది వారాల్లోనే ఆవిడకి ఎంత మాలిమి అయిందంటే, పారిస్ నుంచి మనిషి వచ్చి తీసుకెళ్తుంటే మెడ పట్టుకుని వదలక ఏడ్చింది. ఈ ఏడుపు గుర్తుపెట్టుకో. తర్వాత దీంతో పనుంది.

అంత దగ్గరితనం ఎక్కడ చెడిందంటావా? రాజకీయాల దగ్గరే. 1796 ఎన్నికల్లో ఆడమ్స్‌కి 71 ఎలక్టోరల్ ఓట్లు, జెఫర్సన్‌కి 68. ఆ రోజుల పద్ధతిలో రెండో స్థానంలో వచ్చినవాడు ఉపాధ్యక్షుడు. అంటే ప్రత్యర్థులిద్దరూ ఒకే ప్రభుత్వంలో కూర్చోవాలి. ఇద్దరి వెనకా చెరో పక్షం, చెరో పత్రిక. కాలెండర్ అనే పత్రికల మనిషి ఆడమ్స్‌ని నోటికొచ్చినట్టు తిట్టి రాశాడు. అతనికి డబ్బు సాయం చేసినవాళ్లలో జెఫర్సన్ ఒకరు. 1800 ఎన్నికల్లో ఆడమ్స్ ఓడిపోయారు. అదే రోజుల్లో వాళ్ల కొడుకు చార్లెస్ తాగుడు వల్ల చనిపోయాడు. ఓటమి ఒక పక్క, పుత్రశోకం ఒక పక్క. పోతూ పోతూ ఆడమ్స్ తన పక్షంవాళ్లని న్యాయమూర్తులుగా నియమించి వెళ్లారు, అది జెఫర్సన్ మనసుకి గుచ్చుకుంది. 1801 మార్చి 4న జెఫర్సన్ ప్రమాణం చేసే రోజున, తెల్లవారుజామునే బండెక్కి ఊరికి వెళ్లిపోయారు ఆడమ్స్. స్నేహితుడి ప్రమాణానికి ఉండలేదు.

అదే నెలలో ఆడమ్స్ పేర వచ్చిన ఒక ఉత్తరాన్ని జెఫర్సన్ తిప్పి పంపించారు. ఆడమ్స్ అది అందిందని రాస్తూ, కొడుకు పోయిన సంగతి ముక్తసరిగా చెప్పారు. అంతే. ఆ తర్వాత దాదాపు పదకొండేళ్లు ఇద్దరి మధ్యా ఒక్క ఉత్తరం లేదు.

పదకొండేళ్లు నాయనా! ఇద్దరూ పెద్దవాళ్లయిపోతున్నారు. ఇద్దరిళ్లలోనూ పెళ్లిళ్లు అవుతున్నాయి, పురుళ్లు వస్తున్నాయి, చావులు వస్తున్నాయి. ఒకరి సంగతి ఒకరికి పత్రికల్లో తెలియాల్సిందే. నువ్వు నంబరు తీసేసి ఎన్ని నెలలయిందో నేను అడగడం లేదు. నెలలు సంవత్సరాలయ్యేటప్పుడు ఎవరూ చప్పట్లు కొట్టి చెప్పరు, అంతే చెప్తున్నాను.

మధ్యలో ఒకసారి అబిగైల్ ప్రయత్నం చేసింది. ఈ భాగం నిదానంగా విను, నువ్వు నేర్చుకోవాల్సింది ఇక్కడే ఎక్కువ. 1804 ఏప్రిల్‌లో పాలీ చనిపోయింది. పెళ్లై, బిడ్డల తల్లై, పాతికేళ్ల వయసులో పోయింది. ఆ కబురు క్విన్సీ చేరింది. అబిగైల్‌కి పాత కోపం అలాగే ఉంది. అయినా మెడ పట్టుకుని ఏడ్చిన పిల్ల గుర్తొచ్చి ఉండబట్టలేకపోయింది. మే 20న జెఫర్సన్‌కి ఓదార్పు ఉత్తరం రాసింది. భర్తకి చెప్పలేదు. పిల్లని పోగొట్టుకున్న తండ్రికి, పిల్లని పోగొట్టుకున్న తల్లి రాసిన ఉత్తరం అది.

జెఫర్సన్ జవాబు రాశారు. కృతజ్ఞత చెప్పారు, పాత స్నేహం తలుచుకున్నారు. అక్కడితో కలం పక్కన పెట్టేసి ఉంటే ఎంత బాగుండేది! పెట్టలేదు. ఆడమ్స్ జీవితంలో తనకి బాధ కలిగించిన పని ఒక్కటే ఉందనీ, అది ఆ చివరి రోజుల నియామకాలనీ, దాన్ని క్షమించాననీ కలిపారు. ఆయన ఉద్దేశం మంచిదే, మనసులో మాట తేల్చేసుకుందామనుకున్నారు. కానీ ఎవరైనా సరే ఓదార్చడానికి వచ్చిన మనిషి ముందు పాత ఖాతా తీస్తారా? అడగని క్షమాపణ ఇచ్చానంటే అవతలివాళ్లకి ఎలా ఉంటుంది? అబిగైల్ ఊరుకుంటుందా? కాలెండర్ సంగతి తీసింది. నా భర్తని అంత మాటన్నవాడికి డబ్బిస్తారా అని నిలదీసింది. అది దానమని ఆయన, కాదని ఆవిడ. నా కొడుకు జాన్ క్విన్సీని బోస్టన్‌లో చిన్న పదవి నుంచి తీసేశారు కదా అని ఇంకోటి. ఆ పదవి అతనిదని నాకు తెలియనే తెలియదని ఆయన. చూశావా, ఆ ఒక్క నింద అయినా రెండు ముక్కల్లో విడిపోయింది. అడగకుండా మనసులో పెట్టుకుని ఉంటే జీవితాంతం అలాగే ఉండేది. కానీ మిగతావి విడిపోలేదు. ఆవిడ నాలుగు, ఆయన మూడు, మొత్తం ఏడు ఉత్తరాలతో అక్టోబరులో ఆవిడే ముగించేసింది. నవంబరులో ఉత్తరాల నకళ్లన్నీ భర్తకి చూపించింది. ఇదంతా తనకి తెలియకుండా జరిగిందనీ, ఇప్పుడు చదివాననీ, తాను అనేదేమీ లేదనీ ఆడమ్స్ ఆ నకళ్ల పుస్తకంలో చివర రాసి పెట్టుకున్నారు.

ఆలోచించు. ఆ రోజుల్లో ఉత్తరమంటే ఈక కలం చెక్కుకోవాలి, సిరా ఆరబెట్టాలి, కాగితం మడిచి లక్క వేయాలి, నకలు తీసి పెట్టుకోవాలి. వెళ్లడానికి రోజులు, రావడానికి రోజులు. అంత వ్యవధి ఉండి కూడా, అంత చదువుకున్నవాళ్లు, ఓదార్పు ఉత్తరంలో మొదలుపెట్టి కోర్టు వాదనలో తేలారు. మరి నీకు వ్యవధి ఎక్కడిది? వేలు తగిలితే చాలు, మాట వెళ్లిపోతుంది. అందుకని వ్యవధి నువ్వే పెట్టుకోవాలి. కోపంలో రాసిందాన్ని రాత్రి తోడేసిన పాలలాగా కదపకుండా ఉంచు, పొద్దున చూసుకో. పంపాలో వద్దో పొద్దున నీకే తెలుస్తుంది. రాయొద్దని నేను అనడం లేదు, రాసుకో. రాత్రికి పంపకు, అంతే.

ఇక కలిపిన మనిషి గురించి చెప్పాలి. ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్ అనే వైద్యుడుండేవాడు. స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసినవాళ్లలో ఆయనా ఒకడు, ఈ ఇద్దరికీ మిత్రుడు. 1809 అక్టోబరులో ఆడమ్స్‌కి రాస్తూ, నాకొక కల వచ్చింది, అందులో మీరిద్దరూ మళ్లీ ఉత్తరాలు రాసుకుంటున్నారు, ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి లోకం విడిచి వెళ్లారు అని రాశాడు. ఆడమ్స్ నవ్వేసి వదిలేశారు. రష్ విసుక్కోలేదు. ఈయనకి రాస్తాడు, ఆయనకి రాస్తాడు. ఈయన అన్న మంచి మాట ఆయనకి, ఆయన అన్న మంచి మాట ఈయనకి. మధ్యలో చెడ్డమాటలూ వినే ఉంటాడు, వాటిని మోసుకెళ్లలేదు. 1811లో జెఫర్సన్ ఇరుగుపొరుగు కుర్రాళ్లు, కోల్స్ సోదరులు, క్విన్సీ వెళ్లి ఆడమ్స్‌ని చూసి వచ్చారు. ఆ మాటా ఈ మాటా అయ్యాక, నాకు జెఫర్సన్ అంటే ఎప్పుడూ ప్రేమే, ఇప్పటికీ ప్రేమే అన్నారట ముసలాయన. ఆ మాట మాంటిచెల్లో చేరింది. జెఫర్సన్ దాన్ని పట్టుకుని రష్‌కి రాశారు, నాకు ఆ ఒక్కమాట చాలు అని.

నీ చుట్టూ కూడా మాటలు మోసేవాళ్లు ఉంటారు. వాడు నిన్ను ఇలా అన్నాడు, అలా అన్నాడు అని చెప్పేవాళ్లకి కొదవ లేదు. ఇద్దరు స్నేహితుల మధ్య నువ్వున్నప్పుడు రష్‌లాగా ఉండు. కోల్స్ కుర్రాళ్లలాగా ఉండు. మంచి మాట ఉంటే మోసుకెళ్లు, లేకపోతే ఖాళీ చేతుల్తో వెళ్లు.

1812 జనవరి 1. ఆడమ్స్‌కి డెబ్బై ఆరేళ్లు. పెద్దవాడు, ఓడినవాడు, ముందుగా దెబ్బ తిన్నానని అనుకున్నవాడు, ఆయనే ముందు రాశారు. క్షమాపణలు లేవు, నిందలు లేవు. నాలుగు వాక్యాల క్షేమసమాచారం. మా ఇంటి నేత బట్ట రెండు ముక్కలు పంపుతున్నాను, స్వీకరించండి అని. పొట్లం వెనకబడింది, ఉత్తరం ముందు చేరింది. జెఫర్సన్ నిజంగానే బట్ట అనుకున్నారు. వర్జీనియాలో ఇంటింటా నూలు ఎలా వడుకుతారో, నేత ఎలా సాగుతుందో వివరంగా రాసి జవాబు పంపారు. తీరా పొట్లం విప్పితే రెండు పుస్తకాలు. జాన్ క్విన్సీ హార్వర్డ్‌లో చెప్పిన ఉపన్యాసాలు, రెండు సంపుటాలు. తన ఇంట్లో తయారైన సరుకని తండ్రి మురిపెం. ఒకప్పుడు పారిస్‌లో మీ ఇంట్లో తిరిగిన పిల్లవాడు ఇంతవాడయ్యాడు చూడండి అని అర్థం. ఎంత తెలివైన ఉత్తరం నాయనా అది! తెగినచోట ముడి వేయాలంటే తగువు దగ్గర మొదలుపెట్టకూడదు, ఇద్దరికీ ఇష్టమైన పిల్లల దగ్గర మొదలుపెట్టాలి. నువ్వు కూడా నీ స్నేహితుడికి రాసేటప్పుడు ఆ వాదన ఊసే ఎత్తకు. వాళ్ల నాన్నగారి ఆరోగ్యం అడుగు. వాళ్ల చెల్లెలి చదువు అడుగు.

అలా మొదలైన ఉత్తరాలు పద్నాలుగేళ్లు నడిచాయి. మొత్తం 158. అందులో ఆడమ్స్ రాసినవి 109, జెఫర్సన్ రాసినవి 49. అంటే ఈయన రెండు రాస్తే ఆయన ఒక్కటి. లెక్క చూసుకుని ఉంటే మొదటి ఏడాదే ఆగిపోయేది. మీరు రాసే ఒక్కదానికి నేను నాలుగు రాస్తే మాత్రం ఏం, పట్టించుకోకండి అన్న ధోరణి ఆడమ్స్‌ది. జెఫర్సన్‌కి తీరిక లేదు, ఊరూపేరూ తెలియనివాళ్లు కూడా ఆయనకి రాసేవారు. 1820 ఒక్క ఏడాదిలో 1,267 ఉత్తరాలు వచ్చాయని లెక్కపెట్టి మరీ ఆడమ్స్‌కి చెప్పుకున్నారు. పైగా మణికట్టు పాత దెబ్బ, కలం పట్టుకుంటే నొప్పి. ఇవతల ఆడమ్స్‌కి చేతులు వణుకు, కళ్లు కనపడవు, ఇంట్లో పిల్లల చేత చెప్పి రాయించేవారు. నువ్వేమో నేను మెసేజ్ పెట్టి రెండు రోజులైంది, చూసి కూడా జవాబివ్వలేదని ముఖం ముడుచుకుంటావు. వాడి ఇంట్లో ఏముందో నీకేం తెలుసు?

అలాగని ఒకరి మాటకి ఒకరు తలూపుకుంటూ కూర్చోలేదు. ఫ్రాన్సు విప్లవం మీద, మతం మీద, ఎవరు పాలించడానికి తగినవారన్న దాని మీద గట్టిగానే వాదించుకున్నారు. ఒకరికొకరు అర్థమయ్యేలా చెప్పుకోకుండా చనిపోకూడదు అన్నది ఆడమ్స్ పట్టు. దుఃఖం వల్ల మనిషికి ఉపయోగమేమిటి, బతికిన బతుకంతా మళ్లీ బతకమంటే బతుకుతారా అని కూడా ఒకరినొకరు అడిగారు. భిన్నాభిప్రాయం ఉంటే స్నేహం పోతుందని నీకు ఎవరు చెప్పారో గానీ, అది తప్పు. అభిప్రాయం వేరైనందుకు పోలేదు వాళ్ల స్నేహం, ఎదుటివాడి మాట పత్రికల్లో చదివి నమ్మినందుకు పోయింది. నేరుగా రాసుకున్నాక నిలబడింది.

ఖర్చు సంగతీ చెప్పాలి, నీకు అన్నీ ఉచితంగా దొరికాయి కనక. 1816 నాటి రేట్ల ప్రకారం నాలుగు వందల మైళ్లు దాటిన ఉత్తరానికి కాగితానికి పాతిక సెంట్లు. రెండు కాగితాలైతే రెట్టింపు. సాధారణంగా అందుకున్నవాళ్లే కట్టేవారు. కవరు కూడా కాగితం కిందే లెక్క కనక కవర్లే వాడేవారు కారు, రాసిన కాగితాన్నే మడిచి పైన చిరునామా రాసేవారు. చోటు నిండిపోతే కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరసల మీదే మళ్లీ వరసలు రాసేవారు మామూలు కుటుంబాలవాళ్లు. మాజీ అధ్యక్షులు కనక మన కథలోని ఇద్దరికీ తపాలా ఉచితం, మిగతా జనానికి ఆ అదృష్టం లేదు. 1845లో రేట్లు తగ్గించారు, 1847లో తపాలా బిళ్లలు వచ్చాయి, 1851లో, ముందుగానే డబ్బు కట్టిన ఉత్తరం మూడు సెంట్లకి దిగింది. అప్పుడు గానీ పేదింటి తల్లి దూరాన ఉన్న కూతురికి ధైర్యంగా రాయలేకపోయింది.

ఇంకోటి. ఉత్తరం ఇద్దరిదే అయినా చదివేది ఇల్లంతా. 1813 జూలైలో ఆడమ్స్ ఉత్తరం చివర అబిగైల్ రెండు ముక్కలు చేర్చింది. మా ఆయన ఉత్తరాల్లో ఈ పాత స్నేహితురాలికి చోటు దొరుకుతుందా అని చూస్తున్నాను అని. తొమ్మిదేళ్ల కిందట ఇక చాలు అని ముగించిన చేయి అది! జెఫర్సన్ పొంగిపోయి ఆవిడకి వేరే రాశారు. సంతానం లెక్కలో మీ ఆయన కంటే నేనే ముందున్నాను, నాకు పదిన్నర మంది మనవలు, రెండు ముప్పాతిక మంది మునిమనవలు, ఆ భిన్నాలు కూడా త్వరలో పూర్తి అంకెలవుతాయి అని. పాపం, అది రాసిన తేదీకి వారం ముందే, ఆగస్టు 15న, ఆడమ్స్ దంపతులకి బతికి ఎదిగిన ఒక్కగానొక్క కూతురు నాబీ రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూసింది. ఆ కబురు ఆయనకింకా చేరలేదు. అబిగైల్ సెప్టెంబరులో జవాబు రాస్తూ కూతురు పోయిన సంగతి చెప్పుకుంది. ఆయన నవ్వు మాటలకి నొచ్చుకోలేదు. తెలియక రాశాడని తెలుసుకుంది. 1804లో ఒక్క మాటకి మండిపడిన మనిషే 1813లో ఇంత పెద్ద దెబ్బలోనూ సర్దుకుంది. రాసుకుంటూ ఉండటం వల్ల వచ్చిన నిదానం అది.

1818 అక్టోబరులో అబిగైల్ కూడా పోయింది. ఈసారి జెఫర్సన్ తప్పు చేయలేదు. భార్యనీ, ఆరుగురు పిల్లల్లో ఐదుగురినీ పోగొట్టుకున్నవాడు ఆయన. నాకా బడిలో చదువంతా అయింది, కాలమూ మౌనమూ తప్ప మందు లేదు అన్న అర్థం వచ్చేలా చిన్న ఉత్తరం రాసి ఆపేశారు. ఎవరింట్లోనైనా చావు జరిగితే నువ్వు కూడా చిన్నగానే రాయి. కానీ రాయి. ఏం రాయాలో తోచలేదని మానేయకు.

1823లో వచ్చిన పరీక్ష ఇంకా గట్టిది. మాటలు లేని ఆ పదకొండేళ్లలో ఆడమ్స్ తన బంధువు కన్నింగ్‌హామ్‌కి జెఫర్సన్ గురించి కడుపుమంటతో ఉత్తరాలు రాశారు. నేను బతికుండగా బయటపెట్టొద్దు అన్న మాట మీదే రాశారు. జాన్ క్విన్సీ అధ్యక్ష పదవికి పోటీ చేసే వేళకి ఆ ఉత్తరాలన్నీ అచ్చయి బజారుకెక్కాయి. నువ్వు ఒకరికి నమ్మి పంపింది స్క్రీన్‌షాట్ తీసి పదిమందికీ పంపితే ఎలా ఉంటుందో అలా. ఎనభై ఏడేళ్ల ముసలాయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? జెఫర్సన్ తనంత తానే రాశారు. అర్ధశతాబ్దపు స్నేహాన్ని ఈ పాత కాగితాలు కదిలిస్తాయనుకోకండి, వాటిని మనసులోంచి తీసేయండి అని. ఉదయం ఫలహారం దగ్గర ఇంట్లోవాళ్ల చేత ఆ ఉత్తరం పైకి చదివించుకున్నారు ఆడమ్స్. ఇంత మంచి ఉత్తరం ఎవరూ రాసి ఉండరని పొంగిపోయారు.

నీ గురించి వాడు ఎప్పుడో ఎవరితోనో అన్న మాట నీ చేతికి వచ్చిందనుకో. అది అలిగినప్పటి మాట. అప్పటి మాటకి ఇప్పటి మనిషిని శిక్షించకు. అలాగే ఇంకోసంగతి, ఒకరి మీద ఇంకొకరికి రాసేటప్పుడు అది ఆ ఒకరి చేతిలో పడితే తట్టుకోగలవా అని చూసుకో.

వీళ్లని నేను దేవుళ్లని చేసి చెప్పడం లేదు. స్వేచ్ఛ గురించి అంత రాసిన జెఫర్సన్ ఇంట్లో వందమందికి పైగా బానిసలుండేవారు. 1825లో ఆయన మనవరాలు ఎలెన్ పెళ్లి చేసుకుని బోస్టన్ కాపురానికి వెళ్తుంటే, బానిస వడ్రంగి జాన్ హెమింగ్స్ ఆ పిల్ల కోసం రాతబల్ల చేసిచ్చాడు. సామాన్లతో పాటు అది సముద్రంలో పోయింది. చేసినవాడు ఎంత కుమిలిపోయాడో జెఫర్సనే రాశారు. దాని బదులు, స్వాతంత్ర్య ప్రకటన రాసిన తన చిన్న రాతబల్లని ఎలెన్ భర్తకి పంపారు. 1818లో హన్నా అనే బానిస స్త్రీ, మీకు జబ్బు చేసిందని తెలిసి బాధపడ్డానని జెఫర్సన్‌కి ఉత్తరం రాసింది. రాయగలిగిన కొద్దిమందిలో ఆమె ఒకతె. ఆయన పోయాక అప్పులు తీర్చడానికి 1827 జనవరిలో 130 మంది బానిసల్ని అమ్మకానికి పెట్టారు. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట అయ్యారు. చాలామందికి రాయడం రానివ్వలేదు, రాసినా ఎక్కడికి పంపాలో తెలియదు. పెద్దింటి ఉత్తరాలు అల్మరాల్లో భద్రంగా మిగిలాయి, వాళ్ల మాటలు మిగల్లేదు. ఎవరికైనా రాయగలిగిన చేయి ఎంత భాగ్యమో ఇది తెలిశాక గానీ నాకు అర్థం కాలేదు.

ఆ ఎలెన్ బోస్టన్ వెళ్లాక చేసిన పనుల్లో ఒకటి ఆడమ్స్ తాతగారిని చూసి రావడం. ఆమెతో మాట్లాడి ఆయన మురిసిపోయి జెఫర్సన్‌కి రాశారు. అదే ఏడాది మొదట్లో జాన్ క్విన్సీ గురించి మన జాన్ అని రాశారు ఆడమ్స్, పారిస్‌లో వాడు నా కొడుకెంతో మీ కొడుకూ అంతే కదా అని. ఆ తర్వాత అతను అధ్యక్షుడిగా ఎన్నికైతే జెఫర్సన్ అభినందించారు. 1826 మార్చిలో జెఫర్సన్ మనవడు బోస్టన్ వెళ్తుంటే, మిమ్మల్ని చూడకుండా వస్తే వాడు ఏమీ చూడనట్టే అని చేతికి ఉత్తరమిచ్చి పంపారు. మీ వర్జీనియావాళ్లు అందరూ ఇంత పొడుగేమిటి, మేం మరుగుజ్జుల్లా ఉన్నాం అని ఏప్రిల్ 17న రాశారు ఆడమ్స్. అదే ఆఖరి ఉత్తరం. 1826 జూలై 4న, స్వాతంత్ర్య ప్రకటనకి యాభై ఏళ్లు నిండిన రోజున, మధ్యాహ్నం జెఫర్సన్, సాయంత్రం ఆడమ్స్ పోయారు. రష్ కల నిజమైంది, చూడటానికి రష్ లేడు. ఆయన 1813లోనే పోయాడు.

మనవాళ్ల పిల్లలు ఇప్పుడు బోస్టన్‌లోనూ వర్జీనియాలోనూ బోలెడంతమంది ఉన్నారు. క్విన్సీలో ఆడమ్స్ ఇల్లూ, కొండ మీద జెఫర్సన్ ఇల్లూ చూడటానికి తెరిచే ఉన్నాయి. ఎప్పుడైనా వెళ్తే చూడు. కానీ దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. నీ స్నేహితుడి నంబరు మళ్లీ సంపాదించు. నీ చెల్లెలి దగ్గర ఉంటుంది, లేకపోతే వాళ్ల అమ్మగారిని అడుగు, ఆవిడ సంతోషంగా ఇస్తుంది. ఎవరు ముందన్న పట్టింపు పెట్టుకోకు. తగువు మాట ఎత్తకు, ఓదార్పులో లెక్కలు తీయకు, నాలుగు వాక్యాలు చాలు. ఇవాళ రాసి, రేపు పొద్దున చదువుకుని పంపు. జవాబు ఆలస్యమైతే అలగకు, ఇంకొకటి రాయి.